పే స్టబ్ మీద జీతం ఒకటే, పన్నుకో లెక్క

అమెరికాలో ఓపీటీ (ఎఫ్-1 విద్యార్థి వీసా వాళ్లకి ఉద్యోగానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి) మీద పనిచేస్తూ అక్టోబరు 1న హెచ్-1బి ఉద్యోగ వీసాలోకి మారినవాళ్లు, ఆ నెలలో వచ్చే పేచెక్ చూసి కంగారుపడటం ఏటా జరిగేదే. జీతం తగ్గలేదు, ఇన్సూరెన్స్ మారలేదు, ఊరు మారలేదు. రెండు వారాలకి 4,000 డాలర్ల గ్రాస్, అంటే కోతలకి ముందు జీతం, అలాగే ఉంది. చేతికొచ్చేది మాత్రం 3,186.62 నుంచి 2,892.09కి పడిపోయింది. ఆ 294.53 డాలర్లు ఎటుపోయాయని హెచ్ఆర్‌ని అడిగితే "ఫైకా మొదలైంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క అర్థం కావాలంటే పే స్టబ్ (జీతం చీటీ) మీద ఉన్న మిగతా అంకెలు కూడా ఎక్కడినుంచి వచ్చాయో తెలియాలి. చిక్కంతా ఎక్కడంటే, గ్రాస్ ఒకటే అయినా ఒక్కో పన్ను ఒక్కో మొత్తాన్ని "జీతం" అనుకుని లెక్క కడుతుంది.

పొడి అక్షరాల వెనక ఏముంది

స్టబ్ మీద ఒక గడిలో సంపాదన, ఒక గడిలో పన్నులు, ఇంకో గడిలో మిగతా కోతలు, చివర నెట్ పే ఉంటాయి. పక్కన కనిపించే వైటీడీ అంటే జనవరి నుంచి ఇప్పటిదాకా అయిన మొత్తం. ఈ లెక్క పనిచేసిన తేదీతో కాదు, డబ్బు చెల్లించిన తేదీతో నడుస్తుంది. డిసెంబరు ఆఖరి వారాల పనికి జీతం జనవరి 2న పడితే అది కొత్త ఏడాది ఖాతాలోకే వెళ్తుంది.

ఓఏఎస్‌డీఐ అని రాసి ఉండేది సోషల్ సెక్యూరిటీ పన్ను: వృద్ధాప్య పెన్షన్, సంపాదించే మనిషి పోతే కుటుంబానికి భృతి, వైకల్యం వస్తే భృతి. కొన్ని స్టబ్‌లలో దాని పక్కన ఈఈ అని ఉంటే ఉద్యోగి వాటా, ఈఆర్ అని ఉంటే యజమాని వాటా. ఈఆర్ గీతలు సమాచారం కోసమే, అవి మీ జీతంలోంచి పోవు. జీటీఎల్ అనే చిన్న అంకె కొందరికి కనిపిస్తుంది. కంపెనీ ఉచితంగా ఇచ్చే లైఫ్ ఇన్సూరెన్స్ 50,000 డాలర్లు దాటితే, ఆ పైభాగం విలువను జీతంగా లెక్కేసి పన్ను వేస్తారు. డబ్బు చేతికి రాదు, పన్ను మాత్రం పడుతుంది.

పేరోల్ టాక్స్ అని ఖచ్చితంగా అనాల్సింది సోషల్ సెక్యూరిటీనీ, మెడికేర్ అనే వృద్ధుల వైద్య బీమా పన్నునీ. ఈ రెండూ కలిపితే ఫైకా. రేటు దాదాపు అందరికీ ఒకటే. మామూలుగా ఒకసారి కట్ అయితే అదే తుది లెక్క, ఏప్రిల్‌లో రిటర్న్ వేసినప్పుడు వెనక్కి రాదు. ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ గీత అలాంటిది కాదు. అది పేరోల్ సాఫ్ట్‌వేర్ వేసిన అంచనా మాత్రమే. అసలు పన్ను ఎంతో రిటర్న్‌లో తేలుతుంది, ఎక్కువ కట్ అయితే రిఫండ్, తక్కువ కట్ అయితే బాకీ. స్టబ్ గురించి వచ్చే అనుమానాల్లో సగం ఈ తేడా దగ్గరే పుడతాయి.

ఒక స్టబ్, మూడు "జీతాలు"

డాలస్‌లో ఉన్న పెళ్లికాని ఉద్యోగి, ఏడాదికి 1,04,000 డాలర్లు, ఏడాదికి 26 పేచెక్‌లు. 2026 రేట్లతో ఒక స్టబ్ ఇలా ఉంటుంది:

గ్రాస్: 4,000.00
హెల్త్ ఇన్సూరెన్స్, ప్రీ-టాక్స్ (పన్ను లెక్కకి ముందే కోసేది): 150.00
401(కె) రిటైర్మెంట్ పొదుపు, జీతంలో 5 శాతం: 200.00
సోషల్ సెక్యూరిటీ: 238.70
మెడికేర్: 55.83
ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్: 463.38
స్టేట్ టాక్స్: 0.00
నెట్ పే: 2,892.09

సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం. 4,000కి అయితే 248 రావాలి, కానీ ఇక్కడ 238.70 ఉంది. కంపెనీ ప్లాన్ ద్వారా ప్రీ-టాక్స్‌గా కట్టే హెల్త్ ప్రీమియం ఫైకా లెక్కలోకి రాదు కాబట్టి. 3,850 మీద 6.2 శాతం 238.70, మెడికేర్ 1.45 శాతం 55.83. ఇక ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ దగ్గరికొస్తే 401(కె) కూడా పోతుంది, మిగిలేది 3,650. అంటే గ్రాస్ 4,000, ఫైకా జీతం 3,850, ఇన్‌కమ్ టాక్స్ జీతం 3,650.

463.38 ఎలా వచ్చిందో చూద్దాం. పేరోల్ ప్రతి పేచెక్‌నీ ఏడాది మొత్తానికి సాగదీస్తుంది: 3,650ని 26తో హెచ్చిస్తే 94,900. అందులోంచి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడకుండా వదిలేసే మొత్తం) 16,100 తీసేస్తే 78,800. మొదటి 12,400కి 10 శాతం అంటే 1,240. అక్కడినుంచి 50,400 దాకా 12 శాతం, 4,560. మిగిలిన 28,400కి 22 శాతం, 6,248. మొత్తం 12,048, దాన్ని 26తో భాగిస్తే 463.38. ఈ మనిషి "22 శాతం బ్రాకెట్"లో ఉన్నాడంటారు గానీ, గ్రాస్‌తో పోలిస్తే ఆయన కట్టేది 12 శాతం కూడా లేదు.

ఈ లెక్క తెలిస్తే 401(కె) పెంచినప్పుడు ఏం జరుగుతుందో కూడా తెలుస్తుంది. 5 నుంచి 10 శాతానికి పెంచితే ఇంకో 200 డాలర్లు పొదుపులోకి పోతుంది, ఫెడరల్ పన్ను 44 డాలర్లు తగ్గుతుంది, కాబట్టి చేతికొచ్చేది 156 తగ్గుతుంది. ఫైకా ఒక్క సెంటు కూడా కదలదు. అదే రాత్ 401(కె) అయితే పన్ను ముందే కట్టేసినట్టు, కాబట్టి నెట్ పూర్తిగా 200 తగ్గుతుంది.

ఏడాది జీతం, పన్నుల లెక్కతో కంపెనీ జనవరిలో ఇచ్చే డబ్ల్యూ-2లో ఇవే మూడు లెక్కలు మళ్లీ కనిపిస్తాయి. పై ఉద్యోగి ఏడాదంతా ఇలాగే పనిచేస్తే బాక్స్ 1లో 94,900, బాక్స్ 3లో, 5లో 1,00,100 ఉంటాయి. ఆఫర్ లెటర్‌లో ఉన్న 1,04,000 ఎక్కడా కనబడదు. అది తప్పు కాదు.

సోషల్ సెక్యూరిటీకి పైకప్పు ఉంది, మెడికేర్‌కి లేదు

సోషల్ సెక్యూరిటీ పన్ను 1937లో 1 శాతంతో, ఏడాదికి మొదటి 3,000 డాలర్ల జీతం మీద మొదలైంది. 1990 నుంచి రేటు 6.2 దగ్గర నిలిచిపోయింది (2011, 2012లో ఉద్యోగి వాటాని తాత్కాలికంగా 4.2కి తగ్గించారు), పైకప్పు మాత్రం దాదాపు ఏటా పెరుగుతోంది. 2026లో అది 1,84,500 డాలర్లు. ఆ ఏడాది ఒక ఉద్యోగి నుంచి పోయేది ఎంత జీతమైనా 11,439 డాలర్లకు మించకూడదు. 2,40,000 జీతగాళ్లకి ఇరవయ్యో పేచెక్‌తో ఈ హద్దు నిండిపోతుంది, తర్వాత ప్రతిసారీ 572 డాలర్ల దాకా ఎక్కువ వస్తుంది. జనవరిలో మళ్లీ మొదటికొస్తుంది. జీతం తగ్గించారేమోనని జనవరిలో అనుమానపడేది ఎక్కువగా వీళ్లే.

మధ్యలో ఉద్యోగం మారితే కొత్త కంపెనీకి పాత కంపెనీ లెక్కతో పనిలేదు, సున్నా నుంచి మొదలుపెడుతుంది. మొదటి చోట 1,00,000, రెండో చోట 1,10,000 సంపాదిస్తే 6,200, 6,820 కలిపి 13,020 పోతుంది. హద్దు మీద 1,581 ఎక్కువ. దీన్ని రిటర్న్‌లో షెడ్యూల్ 3 ద్వారా ఉద్యోగే వెనక్కి తెచ్చుకోవచ్చు. యజమాని తన వాటాగా కట్టిన ఎక్కువ మొత్తం మాత్రం ఎవరికీ తిరిగి రాదు. ఒకే కంపెనీ హద్దు దాటి కోస్తే ఆ కంపెనీయే సరిచేయాలి.

మెడికేర్‌కి పైకప్పు లేదు. పైగా 2,00,000 దాటిన జీతం మీద ఇంకో 0.9 శాతం పడుతుంది. కంపెనీ తను ఇచ్చే జీతం ఒక్కటే చూస్తుంది. కలిసి రిటర్న్ వేసే దంపతులకి అసలు హద్దు 2,50,000. ఇద్దరూ చెరో 1,80,000 సంపాదిస్తే ఏ కంపెనీ ఈ 0.9 కోయదు, కానీ ఇద్దరి జీతం కలిపి హద్దు మీద 1,10,000 ఉంది కాబట్టి ఏప్రిల్‌లో 990 డాలర్ల బాకీ కనిపిస్తుంది.

డబ్ల్యూ-4లో ఒక చిన్న గడి, పదకొండు వేల తేడా

ఇన్‌కమ్ టాక్స్ ఎంత కోయాలో పేరోల్‌కి చెప్పేది ఉద్యోగి నింపే డబ్ల్యూ-4. 2020 నుంచి అందులో పాత "అలవెన్సులు" లేవు. ఇప్పుడు తప్పు ఎక్కువగా జరిగేది స్టెప్ 2 దగ్గర, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తుంటే.

ఇద్దరికీ చెరో 1,04,000 అనుకుందాం, వేరే కోతలేవీ లేవు. ఇద్దరూ "మ్యారీడ్ ఫైలింగ్ జాయింట్లీ" పెట్టి స్టెప్ 2లో ఉన్న చిన్న గడిని ఖాళీగా వదిలేశారు. అప్పుడు ఒక్కో కంపెనీ ఇంట్లో తనదొక్కటే జీతం అనుకుంటుంది. జంటకి రావాల్సిన 32,200 స్టాండర్డ్ డిడక్షన్ మొత్తం తనే ఇచ్చేసి ఏడాదికి 8,120 మాత్రమే కోస్తుంది. ఇద్దరిదీ కలిపి 16,240. అసలు లెక్క ఇదీ: 2,08,000లోంచి 32,200 తీసేస్తే 1,75,800, దాని మీద పన్ను 28,100. తేడా 11,860 డాలర్లు, దానిమీద తక్కువ కట్టినందుకు పెనాల్టీ పడే అవకాశం. ఇద్దరూ ఆ గడిలో టిక్ పెట్టి ఉంటే ఒక్కొక్కరికి 14,050 కట్ అయ్యేది, మొత్తం సరిగ్గా 28,100. జీతాలు దాదాపు సమానంగా ఉన్నప్పుడే ఈ టిక్ ఇంత బాగా కుదురుతుంది. ఒకరిది చాలా తక్కువైతే కొంచెం ఎక్కువే కట్ అవుతుంది.

బోనస్ మీద ఎక్కువ పన్ను పడుతుందన్న మాట కూడా విత్‌హోల్డింగ్‌నీ (ముందుగా కోసే అంచనా మొత్తాన్నీ) అసలు పన్నునీ కలిపేయడం వల్ల వచ్చిందే. బోనస్ విడిగా ఇస్తే కంపెనీలు సాధారణంగా 22 శాతం చొప్పున కోస్తాయి. 10,000 బోనస్‌లో 2,200 ఫెడరల్, 765 ఫైకా పోగా టెక్సస్‌లో 7,035 చేతికొస్తుంది. ఆ 22 తుది రేటు కాదు. 12 శాతం బ్రాకెట్ మనిషికి ఎక్కువ కట్ అయింది కాబట్టి కొంత వెనక్కొస్తుంది. 32 శాతం బ్రాకెట్‌లో ఉండి కంపెనీ షేర్లు అందుకునేవాళ్లకి తక్కువ కట్ అయినట్టు, ఏప్రిల్‌లో పెద్ద బాకీ. షేర్లు వెస్ట్ అయినప్పుడు (సొంతమైనప్పుడు) "పన్ను కోసేశారుగా" అనుకుని మిగతా డబ్బు ఖర్చుపెట్టేసేది ఇక్కడే.

రాష్ట్రం మారితే లెక్క మారుతుంది

టెక్సస్, వాషింగ్టన్, ఫ్లోరిడా జీతం మీద రాష్ట్ర పన్ను వేయవు. మిగతాచోట్ల రేట్లే కాదు, "జీతం" అనే మాటకి అర్థమూ మారుతుంది. పెన్సిల్వేనియాలో 3.07 శాతం రేటు, 401(కె)లో వేసిన డబ్బు మీద కూడా పడుతుంది, దానిమీద స్థానిక పన్ను వేరే. న్యూజెర్సీ 401(కె)ని వదిలేస్తుంది గానీ హెల్త్ ప్రీమియాన్ని ప్రీ-టాక్స్‌గా ఒప్పుకోదు. కాలిఫోర్నియాలో ఎస్‌డీఐ అని వైకల్య బీమా కోత ఉంటుంది, 2024 నుంచి దానికి పైకప్పు తీసేశారు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటూ న్యూయార్క్‌లో పనిచేసేవాళ్లకి న్యూయార్క్ పన్ను కట్ అవుతుంది, న్యూజెర్సీ తన రిటర్న్‌లో దానికి క్రెడిట్ ఇస్తుంది.

ఎఫ్-1కి ఫైకా ఎందుకు లేదు, ఎప్పుడు మొదలవుతుంది

ఇప్పుడు ఆ 294.53 సంగతి. నాన్-రెసిడెంట్ ఏలియన్ (పన్ను లెక్కలో అమెరికా నివాసి కాని విదేశీయుడు) అయి, ఎఫ్-1 స్టేటస్‌లో, ఆ వీసా ఉద్దేశానికి తగిన అనుమతి ఉన్న పని చేస్తే ఆ జీతానికి ఫైకా వర్తించదు. కాలేజీ క్యాంపస్ పని, సీపీటీ (చదువుతుండగా చేసే శిక్షణ పని), ఓపీటీ, స్టెమ్ ఓపీటీ (సైన్సు, ఇంజినీరింగ్ లాంటివి చదివినవాళ్లకి పొడిగింపు) అన్నీ ఇందులోకి వస్తాయి. ఇక్కడ రెండు షరతులున్నాయి, నాన్-రెసిడెంట్ కావాలి, ఎఫ్-1లో ఉండాలి. ఏ ఒక్కటి పోయినా మినహాయింపు పోతుంది.

అక్టోబరు 1న హెచ్-1బి వస్తే రెండోది పోతుంది. అప్పటినుంచి డిసెంబరు దాకా 92 రోజులే కాబట్టి చాలామంది ఆ ఏడాదికి ఇన్‌కమ్ టాక్స్ లెక్కలో ఇంకా నాన్-రెసిడెంట్లే. "మరి ఫైకా ఎందుకు?" అని అడిగేది అందుకే. హెచ్-1బికి రెసిడెన్సీతో సంబంధం లేకుండా ఫైకా పడుతుంది.

మొదటి షరతు చప్పుడు లేకుండా పోతుంది. ఎఫ్-1 విద్యార్థి ఐదు క్యాలెండర్ సంవత్సరాల పాటు "ఎగ్జెంప్ట్ ఇండివిడ్యువల్". మాట చూసి పన్ను మినహాయింపు అనుకుంటారు గానీ, అది అమెరికాలో ఉన్న రోజుల లెక్క నుంచి మినహాయింపు. ఏడాదిలో ఒక్కరోజు ఉన్నా ఆ ఏడాది ఖర్చయినట్టే. 2021 ఆగస్టులో వచ్చినవాళ్లకి 2021 నుంచి 2025 దాకా ఐదూ అయిపోయాయి. 2026 జనవరి 1 నుంచి రోజులు లెక్కలోకొస్తాయి. దేశం దాటకుండా ఉంటే జులై 2కి రెసిడెంట్ కావడానికి కావాల్సిన 183 రోజులు నిండుతాయి, అప్పుడు రెసిడెన్సీ జనవరి 1 నుంచే మొదలైనట్టు, ఫైకా కూడా అప్పటినుంచే బాకీ. హెచ్-1బి లాటరీ తగలక స్టెమ్ ఓపీటీ చివరిదాకా వచ్చినవాళ్లకి ఇది సరిగ్గా తగులుతుంది. ఎవరైనా చెబితే తప్ప పేరోల్ సాఫ్ట్‌వేర్‌కి మీరు ఏ ఏడాది దిగారో తెలియదు.

ఆ "ఎగ్జెంప్ట్" మాటే ఇంకో గోతిలోకి తోస్తుంది. ఎఫ్-1 వాళ్లకి పన్ను లేదని విని డబ్ల్యూ-4లో ఎగ్జెంప్ట్ అని పెట్టేస్తారు. దాంతో ఇన్‌కమ్ టాక్స్ కూడా సున్నా అయి, పై ఉదాహరణ మనిషికైతే ఏప్రిల్‌లో 12,048 ఒక్కసారిగా మీద పడుతుంది.

భారతీయ విద్యార్థులకి ప్రత్యేకంగా ఇంకొకటుంది. మామూలుగా నాన్-రెసిడెంట్‌కి స్టాండర్డ్ డిడక్షన్ లేదు, అందుకని పేరోల్ విత్‌హోల్డింగ్ లెక్క కోసం జీతానికి ఆ మేరకు ఒక ఊహా మొత్తాన్ని కలుపుతుంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలో ఆర్టికల్ 21(2) వల్ల మన విద్యార్థులకి ఆ డిడక్షన్ ఉంది, ఆ కలపడం వాళ్లకి వర్తించదు. ఈ సంగతి తెలియని పేరోల్ అందరితోపాటు కలిపేస్తే, పై ఉదాహరణలో ఒక్కో పేచెక్‌కి 136 డాలర్ల దాకా ఎక్కువ కట్ అవుతుంది. ఇది ఇన్‌కమ్ టాక్స్ కాబట్టి నాన్-రెసిడెంట్లు వేసే 1040-ఎన్‌ఆర్ రిటర్న్‌లో వెనక్కొస్తుంది.

ఓపీటీలో ఉండగా పొరపాటున ఫైకా కట్ అయితే మాత్రం రిటర్న్‌లో అడిగితే రాదు. మొదట యజమానినే అడగాలి, ఎందుకంటే వాళ్ల వాటా కూడా వాళ్లకి వెనక్కొస్తుంది. వాళ్లు ఇవ్వకపోతే ఫారం 843, దానితో ఫారం 8316, డబ్ల్యూ-2, వీసా పేజీ, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం), ఈఏడీ కార్డు (పని అనుమతి) నకళ్లు జతచేసి పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి పంపుతారు.

ఈ మినహాయింపు న్యాయమేనా

ఓపీటీకి ఫైకా మినహాయింపు తీసేయాలని అమెరికా కాంగ్రెస్‌లో బిల్లులు వచ్చాయి. తీసేయాలనేవాళ్లు యజమాని వైపునుంచి చూస్తారు. 1,00,100 ఫైకా జీతం మీద కంపెనీకి ఏడాదికి దాదాపు 7,658 డాలర్లు మిగులుతుంది, కాబట్టి ఒకే తరగతిలో చదివిన అమెరికన్ కంటే విదేశీ విద్యార్థి చవగ్గా దొరుకుతాడని వాళ్ల వాదన. ఉండాలనేవాళ్లు ఉద్యోగి వైపునుంచి చూస్తారు. పెన్షన్ అందుకునేదాకా ఉంటాడో లేదో తెలియని విద్యార్థి దగ్గర పెన్షన్ పన్ను వసూలు చేయడమేంటని, పైగా ఐదేళ్ల హద్దు ఎలాగూ ఉందిగా అని. రెండు వాదనల్లోనూ పెద్దగా వినబడని సంగతి ఒకటుంది. ఫైకా కట్టని ఆ సంవత్సరాలకి సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లు కూడా రావు, ఇక్కడే స్థిరపడేవాళ్లకి అదొక ఖాళీ.

క్రెడిట్ల లెక్క ఇదీ: 2026లో ఫైకా కట్టిన ప్రతి 1,890 డాలర్ల సంపాదనకి ఒక క్రెడిట్, ఏడాదికి నాలుగుకి మించదు. పెన్షన్‌కి 40 కావాలి, అంటే పదేళ్లు. జర్మనీ, జపాన్, దక్షిణ కొరియాలతో అమెరికాకి టోటలైజేషన్ ఒప్పందాలున్నాయి, రెండు దేశాల్లో చేసిన సర్వీసు కలిపి చూస్తారు. భారత్‌తో లేదు. తాత్కాలికంగా వచ్చి వెళ్లేవాళ్ల సొమ్ము పోతోందని భారత్ ఎన్నాళ్లుగానో అడుగుతోంది. జనాభాకంతటికీ వర్తించే సామాజిక భద్రత ఉన్న దేశాలతోనే ఒప్పందానికి తమ చట్టం ఒప్పుకుంటుందని, భారత్‌లో పీఎఫ్ అందరినీ కలుపుకోదని అమెరికా వైపు అభ్యంతరం.

మన డాలస్ ఉద్యోగి ఏడేళ్లు ఇదే జీతంతో పనిచేసి హైదరాబాద్ తిరిగొచ్చేస్తే సోషల్ సెక్యూరిటీ కింద సొంత వాటాగానే 43,443 డాలర్లు కట్టి ఉంటాడు, క్రెడిట్లు 28. ఆ డబ్బు వెనక్కి రాదు. ఆ 28 మాత్రం రికార్డులో చెరిగిపోకుండా ఉంటాయి, ఎప్పుడైనా మళ్లీ వెళ్లి పనిచేస్తే 29 నుంచి మొదలవుతుంది. అవి నమోదయ్యాయో లేదో ఎస్ఎస్ఏ (సోషల్ సెక్యూరిటీ నడిపే సంస్థ) వెబ్‌సైట్‌లో సొంత ఖాతా తెరిచి, ప్రతి ఏడాది అంకెనీ డబ్ల్యూ-2 బాక్స్ 3తో పోల్చి చూసుకోవచ్చు. తప్పుంటే ఆ ఏడాది ముగిశాక 3 సంవత్సరాల 3 నెలల 15 రోజుల్లోపు దిద్దించుకోవడానికి గడువుంది. ఆ తర్వాత కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప దిద్దరు. పాత కంపెనీ మూతపడితే ఆ పే స్టబ్‌ల నకళ్లు మన దగ్గర తప్ప ఇంకెక్కడా దొరక్కపోవచ్చు.